ఉడత కనబడితీరాలన్న నిబంధన గురించి

గుణుపురం సబ్ కలెక్టర్ గారి సముఖమునకు,
తోటగుడ గ్రామ కాపురస్తురాలు, కీ.శే. ఢిల్లీశ్వరరావు భార్య కల్యాణి వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా గ్రామ యువజన కమిటీ వారు ఈ చైత్రమాసంలో జరుపదలచిన కుక్కలతో ఉడతల వేట పోటీకిని, ఆ పోటీకి నా భర్త పేరు పెట్టుటకును అనుమతి నిరాకరించవలెనని కోరుట గురించి.

తమరు పర్లాకిమిడిలో పెరిగినవారని, తెలుగు చక్కగా చదవగలరని మీ ఆఫీసు అటెండరు చెప్పినందున ఈ అర్జీ తెలుగులోనే వ్రాసుకొనుచున్నాను. నేను పాతపట్నంలో పదో తరగతి వరకు చదివితిని. ఒడియా మాట్లాడగలను గాని వ్రాయలేను. తప్పులున్న మన్నించవలెను. పోయినేడు జరిగిన సంగతి పోలీసుల దాకా వెళ్ళినందున ఈసారి తమ అనుమతి లేనిదే పోటీ జరుగదని విన్నాను. కావున ఈ దిగువ విషయములు తమ దృష్టికి తెచ్చుచున్నాను.

1. పోటీ నిబంధనల సంగతి.

మా ఊరి చుట్టూ జీడితోటలు, వాటి వెనక కొండ. చైత్రంలో కొండమీది ఊళ్ళవారు వేటకు వెళ్ళడం వారి పండుగ. అది వారి పెద్దల నాటిది, దాని జోలికి నేను పోవడం లేదు. మా ఊరి కుర్రాళ్ళు దాన్ని చూసి తమకూ ఒక వేట కావాలని ఉడతల పోటీ పెట్టుకున్నారు. మొదట్లో ఉండేళ్ళతో కొట్టేవారు. ఫారెస్టు గార్డు వచ్చి, జీవాలను చంపితే కేసు రాస్తానని గట్టిగా చెప్పాక నిబంధనలు మార్చుకున్నారు. ఉడతను చంపకూడదు. కుక్క దాన్ని తరిమి చెట్టెక్కించి, చెట్టు మొదలు దగ్గర నిలబడి మొరగాలి. కుక్క యజమాని చెయ్యెత్తి ‘చెట్టు’ అని అరవాలి. రిఫరీ వచ్చి చూస్తాడు. ఉడత కంటికి కనబడితే పాయింటు. కనబడకపోతే కుక్క అబద్ధం మొరిగినట్టు, ఉన్న పాయింటు కూడా పోతుంది. ఉడత కనబడేలా చేయడానికి యజమాని చెట్టు మొదలు తట్టవచ్చు, కొమ్మ ఊపవచ్చు, చెట్టు ఎక్కవచ్చు.

ప్రాణం తీయని పోటీ కదా అని ఆడవాళ్ళం కూడా తాగడానికి చోడంబలి పట్టుకుని చూడడానికి వెళ్ళేవాళ్ళం.

2. నా భర్త సంగతి.

వారి తాతగారి కాలంలో శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి వంశధార ఒడ్డున సాగు చేసుకుంటున్న కుటుంబం. నా భర్త నెమ్మదైన మనిషి. ఊరి మీటింగులో ఆయన లేచి ఏదైనా చెప్పబోతే పక్కవాళ్ళు కబుర్లు ఆపేవారు కారు. ఒకసారి కాలువ పూడిక గురించి చెప్పడానికి లేచి, సగంలోనే కూర్చుండిపోయారు. ఇంటికొచ్చి ఆ మాట చెప్పి నవ్వేశారు. నాకు నవ్వు రాలేదు.

గుణుపురం సంత వెనక దొరికిన ఆడ కుక్కపిల్లను చంకలో పెట్టుకుని తెచ్చి బుజ్జి అని పేరు పెట్టుకున్నారు. దానికి పని నేర్పింది ఆయనే. ఉడత చెట్టుమీద ఉంటేనే మొరగాలి, దాటిపోతే మొరగకూడదు. అది ఊరికే మొరిగిన రోజున కొట్టడం లేదు, తిట్టడం లేదు, ఏమీ అనకుండా వెనక్కి తిరిగి ఇంటికి నడిచి వచ్చేసేవారు. అది తల దించుకుని వెనకాలే వచ్చేది. అలా నేర్చుకుంది. తరువాత మా బుజ్జి మొరిగితే తోటలో కూలీలు సైతం పని ఆపి పైకి చూసేవారు.

‘నా మాట ఈ ఊర్లో ఎవుడూ ఇనడు గానీ కల్యాణీ, దీని మాటకి అందరూ తలెత్తి సూస్తారు,’ అనేవారు. అది చెప్పేటప్పుడు ఆయన ముఖం నేను చూసేదాన్ని. తమరు ఆయన్ని చూడలేదు గనుక ఇదంతా వ్రాయవలసి వచ్చినది.

3. పోయిన చైత్రంలో జరిగినది.

ఆఖరి పోటీ పొద్దున్నే మొదలైంది. బుజ్జి జీడితోట దాటి గట్టుమీది నేరేడు చెట్టు దగ్గర నిలబడి మొరిగింది. ఆయన చెయ్యెత్తి అరిచారు. రిఫరీ బిశ్వజిత్. కమిటీ కార్యదర్శి అతనే, నా భర్తకు ప్రాణ స్నేహితుడు. చెట్టు చుట్టూ తిరిగాడు. ఆకు ఒత్తుగా ఉంది.

‘కనపడట్లేదు భాయీ,’ అన్నాడు.

‘ఉంది. సరిగ్గా సూడు.’

‘చూశాను భాయీ.’

అవతలి ఊరి పోటీదారు చంద్రశేఖరం, ‘కుక్క మొరిగితే ఉన్నట్టేటి? స్నేహితుడని పాయింటు రాసేత్తావేటి?’ అన్నాడు. జనం నవ్వారు. చంద్రశేఖరం చెడ్డవాడు కాడు. పోటీలో ఎవరైనా అనే మాటే అన్నాడు.

నా భర్త చెట్టు మొదలు తట్టారు. వెదురు తెచ్చి కొమ్మలు కదిపారు. బుజ్జి ఆగకుండా మొరుగుతూనే ఉంది. జనం ఇంకా నవ్వుతున్నారు. బిశ్వజిత్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, ‘మైనస్ రాయాల్సొస్తాది భాయీ, ఏమనుకోకు,’ అన్నాడు.

‘రాసుకుంటే రాసుకో. అది అబద్ధమాడిందని మాత్రం అనకు,’ అని ఆయన చెట్టెక్కడం మొదలుపెట్టారు.

‘పోతే పోనీండి, దిగండి,’ అని నేను అరిచాను. ఆయన నా వైపు చూడలేదు. ఎవరి వైపూ చూడలేదు. చెట్టును మాత్రమే చూస్తూ ఎక్కారు.

నేరేడు కొమ్మ పచ్చిగా ఉన్నా చెప్పకుండా విరుగుతుంది. అది అక్కడున్న వాళ్ళందరికీ తెలుసు. నాకూ తెలుసు. విరిగింది.

నేను వెళ్ళేసరికి వెల్లకిలా పడి ఉన్నారు. తల నా ఒళ్ళోకి తీసుకున్నాను. చెవిలోంచి రక్తం వస్తోంది. కళ్ళు తెరిచి, ‘సూసేరా?’ అన్నారు.

నేను చెట్టు వైపు చూడనేలేదు. అక్కడ ఉడత ఉందో లేదో నాకు తెలియదు. ‘సూసేరండీ, అందరూ సూసేరు,’ అన్నాను.

అంతే. మళ్ళీ మాట్లాడలేదు. ఆటోలో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకుపోతుండగా దారిలోనే పోయారు. బిశ్వజిత్ దారంతా ఆయన కాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు.

ఉడత ఉన్న మాట నిజమేనట. కొమ్మ విరిగినప్పుడు అది పక్క కొమ్మకు దూకి పోయిందని చూసినవాళ్ళు చెప్పారు. మేము ఆటోలో ఉండగా, యజమాని కింద పడ్డాక కనబడిన ఉడతకు పాయింటు వర్తిస్తుందా లేదా అని అక్కడ కొందరు వాదించుకున్నారని కూడా తరువాత తెలిసినది.

4. షీల్డు సంగతి.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక కమిటీ వారు మా ఇంటికి షీల్డు తెచ్చారు. మొదటి బహుమతి. నా భర్త పేరు, దాని కింద బుజ్జి పేరు చెక్కించారు. బిశ్వజిత్ దాన్ని పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఒడియా వారిలో అన్న భార్యను భావుజ అంటారు. ‘భావుజ, పాయింటు ఇచ్చేశాం,’ అన్నాడు. ఆ మాట అనేసి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

వద్దని చెప్పలేకపోయాను. వాళ్ళు దుర్మార్గులు కారు అయ్యా. ఆ ఏడు వానలు పడగానే నా పొలం దున్నింది వాళ్ళే. నాట్లకు మనుషుల్ని పోగేసింది వాళ్ళే. నేను ఇప్పుడు వాళ్ళ మీదే అర్జీ పెడుతున్నాను. రేపు వాళ్ళ మధ్యనే బతకాలి. ఈ సంగతి తమరు గమనించవలెను.

5. ఈ ఏటి ప్రకటన సంగతి.

ఈసారి పోటీకి ‘ఢిల్లీశ్వరరావు స్మృతి’ అని పేరు పెట్టి కిరాణా కొట్టు గోడకు ఒడియాలో పోస్టరు అంటించారు. నాకు ఒడియా చదవడం రాదు. మా పాప లక్ష్మిప్రియ ఊరి బడిలో ఒడియా నేర్చుకుంటోంది. నూనెకని వెళితే అక్కడ నిలబడి అక్షరాలు కూడబలుక్కుని, ‘అమ్మా, నాన్న పేరు! నాన్న పేరు రాసేరు!’ అని గంతులేసింది. కొట్లో ఉన్నవాళ్ళంతా తలలు తిప్పేసుకున్నారు. కింద ఏముందో కూడా చదువుతానంటే చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చాను. నూనె తేలేదు.

6. కొత్త నిబంధనలపై నా అభ్యంతరము.

చెట్టెక్కువారు హెల్మెట్ ధరించవలెనని, తమ ఇష్టపూర్తిగా ఎక్కుచున్నట్లు ముందుగా సంతకం చేయవలెనని కొత్తగా చేర్చినారు. ఉడత కనబడాలన్న నిబంధన మాత్రం అలాగే ఉంచినారు. ‘అది తీసేస్తే పోటీ ఏముంటాది భావుజ, ప్రతి కుక్కా ప్రతి చెట్టు కిందా మొరుగుతాది,’ అన్నాడు బిశ్వజిత్.

నా భర్త కూడా ఇష్టపూర్తిగానే ఎక్కారు. ఎవరూ తోయలేదు. కానీ నలుగురిలో ఒక మనిషిని నిలబెట్టి, నువ్వు చెప్పింది చూపించు, లేకపోతే అబద్ధం అంటే, రోషమున్నవాడు కాగితం మీద సంతకమూ చేస్తాడు, చెట్టూ ఎక్కుతాడు. ప్రాణభయంతో ఆకుల్లో నక్కిన జీవం బయటపడలేదని మనిషిని పైకి పంపే నిబంధనకు తలమీద టోపీ పెడితే ఏమి లాభమో తమరే ఆలోచించవలెను.

బుజ్జిని మొదట వదిలి పోటీ ప్రారంభిస్తామని కూడా అడిగారు. గౌరవంగా ఉంటుందట. అది కుక్క, దానికి ఏమీ తెలియదు. ఇప్పటికీ నాతో తోటకు వస్తుంది, ఇప్పటికీ మొరుగుతుంది. మొరిగినప్పుడల్లా నేను పైకి చూస్తాను. ఉడత ఉంటుంది. ప్రతిసారీ ఉంటుంది.

7. మా అత్తగారి సంగతి.

దీనిని దాచిపెట్టుట న్యాయము కాదు గనుక వ్రాయుచున్నాను. మా అత్త చిలకమ్మ పోటీ జరగాలనే కోరుచున్నారు. నేను అర్జీ పెడతానన్న రోజున పెద్ద గొడవ పెట్టుకున్నారు.

‘ఆడి పేరు తీయించకు అమ్మి. ఆడికి మగపిల్లడు ఒక్కడూ నేడు. నాను పోతే ఆడి పేరు ఎవులు తలుస్తారు? మైకులో ఏడాదికి ఓపాలైనా అంటారు కదా,’ అన్నారు.

‘ఏటని అంటారత్తా? ఫలానావోడు సెట్టు మీంచి పడి పోనాడని అంటారు. పాప ఇంటాది.’

‘ఇననీ. ఆల్ల నాన్న గెలిసేడని కూడా ఇంటాది.’

అప్పటినుంచి ఒకే పొయ్యి దగ్గర ఇద్దరం మాటల్లేకుండా తిరుగుతున్నాం. ఆమె కడుపుకోత నా కష్టం కంటే చిన్నదని నేను అనను. కానీ ఆమెకు కావలసింది మైకులో ఆయన పేరు. నాకు ఆ మైకు వినబడని ఊరు కావాలి, అలాంటి ఊరు నాకు లేదు.

8. ప్రార్థన.

కావున తమరు దయయుంచి ఈ పోటీకి అనుమతి నిరాకరించవలెను. కుర్రాళ్ళ సరదాను పూర్తిగా ఆపడం తమకు కుదరనిచో, కుక్క మొరిగితే చాలునని, దాని మాటే ఆఖరని, ఏ మనిషీ ఏ చెట్టూ ఎక్కరాదని నిబంధన వ్రాయించవలెను. తప్పుగా మొరిగిన కుక్క గెలిస్తే గెలవనీండి. అందువల్ల ఎవరి ఇల్లూ కూలిపోదు. ఏది ఎట్లున్నను నా భర్త పేరు తీసివేయించవలెను. బిశ్వజిత్ మీద గాని, చంద్రశేఖరం మీద గాని నాకు ఏ ఫిర్యాదూ లేదు. వారిని పిలిపించి మందలించవద్దని వేడుకొనుచున్నాను.

పై విన్నపమును తమ మనసుకు పట్టించుకుని చిత్తగించవలెనని కోరుతూ,

తమ విధేయురాలు,
కల్యాణి
తోటగుడ, గుణుపురం దగ్గర, రాయగడ జిల్లా

తా.క. అయ్యా, ఈ కాగితం మడవబోతుంటే మా అత్త వచ్చి ఎదురుగా కూర్చున్నారు. ‘ఏటి రాసేవో సదువు,’ అన్నారు. ఇన్నాళ్ళకు నాతో ఆడిన మొదటి మాట అది. ఆమె గురించి రాసింది కూడా వదలకుండా అంతా చదివాను. కోప్పడతారనుకున్నాను. చీరకొంగు వేలికి చుట్టుకుంటూ ఉండిపోయారు.

తరువాత, ‘ఆడికి సెట్టెక్కడం భయమని రాయి,’ అన్నారు.

నాకు అర్థం కాలేదు.

‘సిన్నప్పుడు ఆల్ల నాన్న జీడిసెట్టెక్కిస్తే సగంలో కొమ్మ అట్టుకుని ఏడిసేవోడు. దింపినదాకా కళ్ళు తెరిసేవోడు కాడు. పెద్దోడయినా ఆ భయం పోనేదు. నీకు సెప్పనేదేటి?’

చెప్పలేదండీ. ఇన్నేళ్ళ కాపురంలో మా పెరట్లో చింతచిగురు నేనే ఎక్కి కోసేదాన్ని. ఆయన్ని ఎక్కమంటే ఎర్రచీమలు కుడతాయే అనేవారు. నిజమే అనుకునేదాన్ని.

పేరు విషయంలో తన మనసు మారిందో లేదో మా అత్త చెప్పలేదు, నేను అడగలేదు. ఈ ఒక్క మాటకు మాత్రం తన వేలిముద్ర వేస్తానన్నారు.

‘నా కొడుక్కి సెట్టెక్కడం భయం.’
ఇది చిలకమ్మ వేలిముద్ర.