బాతు విమానమూ, గట్టున నిలబడే పనీ

కాలం చేసిన పడవల వడ్రంగి భార్యనైన నేను, బుద్ధి తిన్నగా ఉండగానే, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. గుండెదడ ఉన్నమాట నిజమే. అది పెళ్లికి ముందునుంచీ ఉన్నదే, దాన్ని మతిచాంచల్యం కింద కట్టవద్దు.

1. కుట్టుమిషను కోడలికి. విమానం రెక్కల గుడ్డంతా దానిమీదే కుట్టాను. నూనె వెయ్యకుండా తొక్కవద్దు.

2. పెద్ద గిన్నె తోడికోడలికి. అరువుకి తీసుకెళ్లి తిరిగి తేలేదు కనుక అప్పగించే శ్రమ లేదు. పడవకి రెక్కలేమిటని ఊరంతటినీ నవ్వించిన సంగతి మాత్రం నేను మరవలేదు.

3. నేలమీదా నీళ్లమీదా దిగేలా మా ఆయన మొట్టమొదట చేసిన విమానం, మేము బాతు అనేది, షెడ్డుతో సహా మనవరాలికి. దీని గురించే తండ్రీకూతుళ్లకి మాటల్లేవు. ప్రదర్శనశాలకి ఇచ్చేద్దామని అబ్బాయి, ఎగరేస్తానని అది. లైసెన్సు తెచ్చుకుంది, ఇంజను బాగుచేసింది. నాకూ వద్దనే ఉంది. అయినా ఇస్తున్నాను.

నీళ్లమీద దిగేముందు పిడి తిప్పి చక్రాలు పైకి లాగాలి. మరిచిపోతే చక్రాలు నీళ్లకి తగిలి బాతు తిరగబడుతుంది. నడిపే మనిషికి అవి కనబడవు. అందుకని నేను సరస్సు గట్టున నిలబడి, చక్రాలు పైకుంటే తెల్లదుప్పటి, కిందుంటే ఎర్రదుప్పటి ఎత్తి పట్టుకునేదాన్ని. నేను ఊళ్లో లేనినాడు ఆయన బోల్తాపడ్డారు. విరిగిన భుజంతో మంచంమీద పడుకుని, "నా భయం కూడా నువ్వే పడేదానివి. ఇవాళ పడేవాళ్లు లేకపోయారే" అన్నారు.

4. ఆ రెండు దుప్పట్లూ అబ్బాయికి. నాయనా, ఈ ఇంట్లో నా అంత భయస్థుడివి నువ్వే. గట్టున ఇంకెవర్ని నిలబెట్టినా రెక్కలు చూసి మురిసిపోతారు, నువ్వయితే చక్రాలే చూస్తావు. నువ్వు రానిరోజు అది నేలమీదే దిగాలి, నీళ్ల జోలికి పోకూడదు. అమ్మడూ, ఇది నీకూ షరతే. ఒరే, ఇంట్లో కూర్చున్నా ఎలాగూ భయపడతావు. ఆ పడేదేదో గట్టుమీదికొచ్చి పడు.

దీన్ని అమలుచేసే బాధ్యత వీధి చివరి వకీలుగారిది. చదివేటప్పుడు తండ్రినీ కూతుర్నీ పక్కపక్కనే కూర్చోబెట్టాలి.

ఫిబ్రవరి పదకొండు, బుధవారం పొద్దున.

సంతకం: వడ్రంగి భార్య (వణికినా చెయ్యి నాదే)

సాక్షులు: పక్కింటి నర్సు, నాడి చూశాకే సంతకం చేసింది. తాళాలు బాగుచేసే ఆయన.