మల్లేశన్న చేతిలో తాళాలు

మంగళవారం, రాత్రి

ఇంకా ఒళ్లు మండుతోంది. పొద్దున ఫ్యాక్టరీలో ప్రెస్ మెషిన్ దగ్గర, నాతో పనిచేసే మల్లేశన్న మూతి వంకరపోయి, కుడిచెయ్యి వాలిపోయింది. ఫిట్స్ అనుకుని చేతిలో తాళాల గుత్తి పెడితే జారిపోయింది. పది నిమిషాలకు తనే గట్టిగా పట్టుకున్నాడు.

"తగ్గింది గదా, పోయి మెషినెక్కు," అన్నాడు సూపర్‌వైజర్.

మధ్యాహ్నం ఫోన్‌లో చదివాను. మెదడుకు రక్తం కాసేపు ఆగితే అలా అవుతుందట. తగ్గిపోయినా, రెండు రోజుల్లోనే అసలు పక్షవాతం రావచ్చు. సూపర్‌వైజర్‌కు చూపిస్తే, "నువ్వెప్పుడు డాక్టర్ అయినవ్‌రా?" అని నవ్వాడు. అన్న నడుపుతున్న మెషిన్ ఆపేసి, ఆయన్ను ఆటోలో ఉప్పల్ దవాఖానాకు తీసుకుపోయాను. అడ్మిట్ చేసుకున్నారు.

"పొద్దటి సంది ఏం జేసిన్రు?" అని డాక్టరమ్మ అడిగింది.

ఆ సూపర్‌వైజర్‌ను ఎంత తిట్టుకున్నా, ఆ తాళాలు పెట్టింది నేనే. అన్న వాటిని పట్టుకోగానే చప్పట్లు కొట్టిందీ నేనే.