నాలుగు పాయింట్ ఒకటి

ఏప్రిల్ 7, 1987. మంగళవారం

ఈ ఓక్లహోమా గాలికి టోపీ నిలవదు. బేస్‌బాల్ మైదానంలో ఫస్ట్ బేస్ వైపు కంచె బయట, రైట్ ఫీల్డ్ దగ్గర నా ట్రక్కు ఆపుకుని, వెనక తలుపు దించి దాని మీద కూర్చున్నాను. మెట్ల బెంచీలు ఎక్కడానికి మోకాళ్ళు ఒప్పుకోవడం మానేసి రెండేళ్ళయింది.

హైస్కూలు కుర్రాడు. ట్రేస్ హాలోమన్. షార్ట్‌స్టాప్, అంటే రెండో మూడో బేస్‌ల నడుమ బంతి ఆపేవాడు. పదిహేడేళ్ళు. బ్యాట్‌కి బంతి తగిలిన క్షణం నుంచి ఫస్ట్ బేస్ మీద కాలు పడేదాకా 4.1 సెకన్లు. స్టాప్‌వాచ్ విదిలించి చూశాను. మళ్ళీ 4.1. కుడిచేతి వాటం వాడికి అది డెబ్భై మార్కులు.

క్లబ్బులకి కుర్రాళ్ళని వెతికిపెట్టే మా స్కౌట్ల మార్కులు ఇరవై నుంచి ఎనభై దాకా. యాభై అంటే సగటు. సున్నా నుంచి వంద దాకా ఎందుకు పెట్టలేదని ముప్పై ఒక్క ఏళ్ళుగా అడుగుతున్నాను. ఒక్కడూ చెప్పడు. ఇరవై కన్నా అధ్వాన్నంగా పరుగెత్తేవాణ్ణి నేను పెళ్ళిళ్ళలో చూశాను.

ఏప్రిల్ 8

4.1.

ఏప్రిల్ 14

ఇంకో క్లబ్బు స్కౌట్ పర్విస్ బ్యాటర్ వెనకే కూర్చుంటాడు. ఆట అయ్యాక కాఫీ దగ్గర కలిశాడు. వాడి లెక్కలో కుర్రాడు 4.3 అట. అంటే యాభై! ఒరేయ్ ముసలోడా, నీ వాచీకి కూడా కాఫీ పట్టించావా ఏం, అని నవ్వాడు.

నేనూ నవ్వాను. మా వృత్తిలో నచ్చిన కుర్రాణ్ణి నచ్చాడని ఎవడూ చెప్పడు. పర్విస్ సగటు అన్నాడంటే మనసు పడ్డాడన్నమాట. వాడికన్నా ముందు ఆ ఇల్లు చేరాలి.

ఏప్రిల్ 16

చేరాను. తల్లి లౌరీన్ స్కూలు బస్సు నడుపుతుంది. వేడి బిస్కెట్ రొట్టెలు, గ్రేవీ పెట్టింది. ఫ్రిజ్ మీద ఒక కాలేజీ ఉత్తరం అంటించి ఉంది. జట్టులో చోటు, ఉచితంగా చదువు. శుక్రవారం ఇరవై నాలుగుకల్లా సంతకం కావాలట.

డెబ్భై మార్కుల కాళ్ళు రోజూ దొరకవమ్మా, జూన్ ఎంపికల్లో మా క్లబ్బు వీణ్ణి తీసుకుంటుంది, అన్నాను. ఇట్లా చెప్పే అధికారం నాకు లేదు. గ్రేవీ బాగుంది.

పెద్దాయనా, ఒట్టేసి చెప్పు, నిజమేనా, అంది. ఒట్టేశాను. కుర్రాడు మాత్రం, నేనంత పరుగెత్తుతానని నాకే తెలీదు సార్, అన్నాడు. వినయం అనుకున్నాను.

ఏప్రిల్ 20

వాళ్ళు కాలేజీకి ఫోన్ చేసి వద్దన్నారట.

నాకెందుకో కాలు నిలవలేదు. టేపు తీసుకెళ్ళి బేస్‌కి దూరం కొలిచాను. తొంభై అడుగులు, అంగుళం తేడా లేదు. గడ్డి కోసే మనిషి చూసి, తాతా, ఏమైనా పారేసుకున్నావా, అన్నాడు. వాచీని రేడియో గంటలతో సరిచూశాను. అదీ బాగానే ఉంది.

కానీ నా పుస్తకంలో ఈ జట్టు క్యాచర్‌కి కూడా పరుగులో సగటు మార్కులే. వాడు తలుపుల్లో పక్కకి తిరిగి దూరాల్సినంత లావు మనిషి. ఈ ఊళ్ళో అందరూ లేళ్ళేనా?

ఏప్రిల్ 22

ప్రాక్టీసు ఇంకా మొదలవలేదు. ట్రక్కు మీద కూర్చుని చూస్తున్నాను. మైదానం అవతల ఎవరో కంచె గుంజలు దిగ్గొడుతున్నారు. సుత్తి పడుతుంది. ఆ తర్వాత చప్పుడు వస్తుంది. సుత్తి, తర్వాత చప్పుడు. చాలాసేపు చూశాను. సిగరెట్ వేళ్ళ దాకా కాలింది.

నేను వాచీ దేనికి నొక్కుతున్నాను?

చలికాలం నుంచి కళ్ళకి పొర. అంత దూరాన బంతి బ్యాట్‌కి తగలడం కనపడక, ఠాప్‌మన్న చప్పుడుకి నొక్కుతున్నాను. కాలు పడే బేస్ దగ్గరే, అది కనిపిస్తుంది. బ్యాట్ నుంచి ట్రక్కు దాకా అడుగులేసి కొలిచాను. డెబ్భై మూడు గజాలు. చప్పుడు అంత దూరం రావడానికి సెకనులో అయిదో వంతు. వాచీ అంత ఆలస్యంగా మొదలైంది, అంటే ఇరవై మార్కులు ఎక్కువేశాను.

పర్విస్ నిజం చెప్పాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక స్కౌట్ నాతో నిజం చెప్పడం ఇదే మొదలు, నేను నమ్మలేదు.

ఏప్రిల్ 23

వెళ్ళి చెప్పాను. లౌరీన్ చేతిలో బస్సు తాళాలు. ఒట్టేశావు కదయ్యా, అంది. అంతే. తిట్టినా బాగుండేది.

ట్రేస్ అడిగాడు, మిగతా మార్కులు చూసి రాశారా సార్, విని రాశారా అని. తెలియదన్నాను. నిజంగా తెలియదు.

ఆమె నా ముందే కాలేజీ కోచ్‌కి ఫోన్ చేసింది. వద్దన్న నోటితోనే మళ్ళీ అడుగుతున్నానండీ, అంది. ఫోనులోంచి ఆయన గొంతు నాకూ వినపడింది. మీవాడి కాళ్ళ కోసం ఎవరు పిలిచారమ్మా, బంతిని మెత్తగా పట్టే చేతుల కోసం పిలిచాను, రేపు మధ్యాహ్నం దాకా ఆ చోటు వాడిదే, అన్నాడు.

చేతులా? నా పుస్తకం తీసి చూశాను. చేతుల గడి ఖాళీగా ఉంది.

ఏప్రిల్ 24

ట్రేస్ పదకొండింటికి కాలేజీ కాగితాల మీద సంతకం పెట్టాడట.

సాయంత్రం వాచీ ఇంట్లో వదిలేసి, మెట్లు ఎక్కకుండానే షార్ట్‌స్టాప్ వైపు కంచెకి ఆనుకుని నిలబడ్డాను. బంతి కనపడలేదు. అతని గ్లవ్‌లో పడినప్పుడు మాత్రం అసలు చప్పుడే లేదు.

దానికి ఎన్ని మార్కులు వెయ్యాలో తెలియలేదు.