కంప పెట్టిన ఇల్లు

ఎర్రకుంటపల్లి,
తేది: 18-3-2025.

చింతబాయి మండల తహసీల్దారు గారి సముఖమునకు,
నల్లగొండ జిల్లా.

ఎర్రకుంటపల్లి గ్రామ నివాసి, గొర్రెల కాపరి ఐలేశం, తండ్రి కీ.శే. కురుమయ్య సమర్పించుకొను అర్జీ.

విషయం: కెనడాలో చదువుచున్న మా కూతురు నిరోషకు చదువు అనుమతి నిరాకరించబడుట, అందుకు కారణమైన తమ కార్యాలయ విచారణ నివేదికను సరిచేయుట గురించి.

అయ్యా,

పైన నా పేరు ముందు ‘గ్రామ నివాసి’ అని రాసుకున్నాను. ఆ మాట నిజమో కాదో తేల్చమని వేడుకొనుటకే ఈ అర్జీ.

1. నిరోష మాకు ఒక్కతే బిడ్డ. రెండేళ్ల కింద పశువైద్య సహాయకుల చదువు కోసం కెనడా పోయింది. ఆమె ఇంటర్ చదివే ఏడు మా మందకు చిటుకు రోగం తగిలింది. మందు ఎక్కడ దొరుకుతుందో కనుక్కొని, బస్సులో పోయి తెచ్చేసరికి సగం గొర్రెలు చేనులోనే పడి ఉన్నవి. ఈ చదువు చదువుతానని ఆమె అన్నది అప్పుడే. చదువు అయిన తర్వాత తిరుమలగిరిలో గొర్రెల మందుల దుకాణం పెట్టి, మందల వెంట తిరిగి సూదులు వేస్తానని అక్కడి దరఖాస్తులో కూడా రాసింది.

2. చదువు మూడేళ్లది. మొదట కెనడా వారు రెండేళ్లకే అనుమతి ఇచ్చారు. మూడో ఏటికి పెట్టుకున్న దరఖాస్తును పోయిన నెల తిరగ్గొట్టారు. కారణం రెండు వాక్యాలలో రాశారు. కుటుంబం చెప్పిన చిరునామాలో నివసించుట లేదు. అందుచేత చదువు ముగిసిన పిమ్మట ఈమె స్వదేశానికి తిరిగి పోతుందని నమ్ముటకు ఆధారం లేదు. ఆ కాగితం వచ్చిన నాటి నుండి ఆమె తరగతిలో కూర్చోరాదు. సీటును ఈ నెల 28 వరకే ఆపగలమని కళాశాల వారు అన్నారు. ఆ లోపల సరైన నివాస ధ్రువపత్రం జతచేసి మళ్లీ దరఖాస్తు పెట్టాలి. పంచాయతీ వారు రాసిచ్చినది చెల్లదట. తమ సంతకం ఉన్నదే కావాలట.

3. కెనడా వారు పట్టుకున్న ఆధారాలు రెండు. మొదటిది నివాస విచారణకు మా ఇంటికి వచ్చిన తమ కార్యాలయ గిర్దావరు గారి నివేదిక. అందులో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాస్తున్నాను: ‘ఇంటి ముందు ముళ్ల పొదలు పెరిగి ఇల్లు పాడుబడి ఉన్నది. దరఖాస్తుదారు కుటుంబం ఊరు విడిచి వలస పోయినట్లు తెలియవచ్చినది.’

గిర్దావరు గారు లేనిది రాశారని నేను అనను. ముళ్లు ఉన్న మాట నిజమే. అవి పెరిగినవి కావు, నేను కొట్టి తెచ్చి పెట్టినవి. వరి కోతలు కాగానే మా కులం వాళ్లం మందలను తోలుకొని కాలువ కింది ఊళ్లకు పోతాము. మేళ్లచెరువు అవతల దాకా కోసిన మళ్లలో మేపుకుంటూ, అడిగిన రైతు చేనులో రాత్రిళ్లు మందను ఆపుతాము. చేనుకు ఎరువు దొరుకుతుంది, మాకు తిండిగింజలు దొరుకుతాయి. మిరుగు కార్తెకు తొలి వాన పడేసరికి తిరిగి ఊరు చేరుతాము. పోయేనాడు గడపకు అడ్డం తుమ్మకంప వేసి, మీద రాయి ఎత్తుతాము. కుక్కలు, పందులు అరుగు మీద చేరకుండా. వచ్చిననాడు ఆ ఎండిన కంపతోనే పొయ్యి ముట్టించి, మొదటి బువ్వ వండుకుంటాము. మా తాత నాటి నుండి ఇంతే. మళ్లీ రానివాడు కంప పెట్టే కష్టం పడడు. మా ఊరిలో విడిచిపోయిన ఇళ్లు మూడు ఉన్నవి. ఒక్కదానికీ కంప లేదు. తమరు వస్తే చూపిస్తాను.

4. ఇదే ఇంటికి రెండేళ్ల కింద కూడా విచారణ జరిగింది. అప్పుడు కూడా మేము మంద వెంటే ఉన్నాము. ఇంటి దగ్గర మా తల్లి బక్కమ్మ ఉన్నది. అప్పటి గిర్దావరు గారు వేరు. ఆయన వచ్చి “నీ కొడుకు ఏడమ్మా?” అని అడిగితే, “మిరుగుకు వస్తడు బిడ్డా. ఎండల వడి వచ్చినవు, కూసో. ఇన్ని సల్ల తాగు” అన్నదట. ఆయన చల్ల తాగి, ‘స్థిర నివాసులు’ అని రాసి పోయారు. ఆ పత్రంతోనే నిరోషకు మొదటి అనుమతి వచ్చింది.

మా తల్లి పోయిన శ్రావణంలో కాలం చేసింది. ఆమె కూర్చునే గడప దగ్గరే ఈసారి కంప పెట్టాము. ఇల్లు అదే, మంద అదే, మేము పోయే బాట అదే.

5. రెండో ఆధారం కెనడా వారి తరఫున నాకు వచ్చిన ఫోను. ఇందులో తప్పు నాదే.

మేళ్లచెరువు అవతల ఒక చేనులో ఉండగా కొత్త నంబరు నుంచి ఫోను వచ్చింది. మాకు ఆ కాలంలో కొత్త నంబరు అంటే రైతే. మంద ఎక్కడున్నది, ఎన్నాళ్లుంటారు, తర్వాత ఎటు పోతారు అని కనుక్కొని, తమ చేనుకు రమ్మంటారు. కాపరులకు పండుకునే జాగా తామే చూపాలేమో అని కొందరు వెనుకాడతారు. అందుకని ముందే మాకేమీ అక్కర లేదని చెప్పుకోవడం మా అలవాటు. జరిగిన మాటలు ఇవి:

“ఐలేశం గారేనా అండీ? మీరు ప్రస్తుతం ఎక్కడ ఉంటున్నారు?”

“గీడనే అమ్మా, కాలువ పక్కన. మంద కాడ.”

“అక్కడ ఎన్ని రోజుల నుంచి ఉంటున్నారండీ?”

“మొన్ననే వచ్చినం. ఇంక రెండు మూడు దినాలుంటం. మీది ఏ ఊరు?”

“తర్వాత ఎక్కడికి వెళ్తారు?”

“మీరు ఏడికి రమ్మంటె ఆడికి వస్తం.”

“మీకు ఇల్లు ఉందాండీ?”

“మాకు ఇల్లెందుకమ్మా! మంద ఏడుంటె ఆడనే పండుకుంటం. మీరు జాగ గిట్ల చూపియ్యనక్కర లేదు.”

“సరేనండీ. నిరోష గారి దరఖాస్తు విషయంలో మీ వివరాలు నమోదు చేసుకున్నాం. థాంక్యూ.”

అప్పుడు వినపడింది బిడ్డ పేరు. “అమ్మా, ఆగు, ఇల్లున్నది!” అని అరిచాను. అప్పటికే ఫోను పెట్టేశారు. తిరిగి చేస్తే ఆ నంబరు కలవదు. పక్కనే ఉన్న నా తమ్ముడు పెద్దులు “ఎవలే అన్నా, ఎక్కువ గింజలిస్తమన్నరా?” అని నవ్వాడు.

6. నిరాకరణ కాగితం వచ్చిన తర్వాత మందను పెద్దులుకు అప్పజెప్పి, నేను, నా భార్య ఉప్పలమ్మ ఊరికి వచ్చాము. తమ కార్యాలయానికి వచ్చి మళ్లీ విచారణ చేయమని దరఖాస్తు ఇచ్చాను. అక్కడి గుమాస్తా గారు పాత నివేదిక తీసి చూశారు.

“నువ్వు ఊర్లె లేవని ఉన్నది గదనయ్యా.”

“ఉన్న సార్. గిదో, మీ ముందట్నే ఉన్న.”

“నా ముందట ఉంటె గాదు. గిర్దావరు సారు వచ్చిననాడు ఇంట్ల ఉండాలె.”

“ఏనాడొస్తరు సార్?”

“అది ముందే చెప్పి పోతె ఇంక ఎంక్వయిరీ అని ఎందుకంటరు?”

కంప తీసి పక్కన పెట్టి, వాకిలి ఊడ్చి, ఇద్దరమూ గడప మీద కూర్చున్నాము. స్నానానికి కూడా ఒకరి తర్వాత ఒకరం లేచాము. ఎవరూ రాలేదు. ఇంతలో పెద్దులుకు జ్వరమని, రెండు గొర్రెలను కుక్కలు కొట్టాయని కబురు వచ్చింది. ఉప్పలమ్మను ఇంటి దగ్గర ఉంచి నేను పోయాను. ఆ మర్నాడే గిర్దావరు గారు వచ్చారు. మా ఎదురింటి రామచంద్రయ్య అక్కడే ఉన్నాడు. ఆయన చెప్పిన ప్రకారం జరిగిన మాటలు:

“మీ ఆయన ఏడమ్మా?”

“మంద కాడికి పోయిండు సారు.”

“ఎప్పుడొస్తడు?”

“మిరుగుకు.”

“అంటె జూన్ దాక రాడు. ఊర్లె ఉంటలేడన్నట్టే కదా.”

“అట్లెట్లంటరు సారు? ఉంటడు. మిరుగుకు వస్తడంటున్న గద!”

‘దరఖాస్తుదారు రెండవ పర్యాయము కూడా గైరుహాజరు. జూన్ వరకు రాడని భార్య వాంగ్మూలం’ అని రెండో నివేదిక. నా తల్లి చెప్పిన మాటనే నా భార్య కూడా చెప్పింది. ఆ మాటకు అప్పుడు బిడ్డ కెనడా పోయింది, ఇప్పుడు బిడ్డ చదువు పోతున్నది. ఆ సాయంత్రం నుంచి ఉప్పలమ్మ సరిగా తిండి తినుట లేదు. “నేను అబద్ధమాడుంటె అయిపోవు గద” అని ఒకటే మాట.

7. నేను ఊరిలో ఉండాలంటే మంద ఊరిలో ఉండాలి. మందకూ, గిర్దావరు గారికీ నడుమ నేను తిరగలేను. అందుచేత మా వంశంలో ఎవరూ చేయని పని చేశాను. చైత్రం రాకముందే మందను ఊరికి తోలుకొచ్చాను. బాటలో మూడు ఈనినవి. పిల్లలను భుజాల మీద మోసుకొచ్చాము.

ఊరిలో మేత లేదు. కుంట అడుగు పగుళ్లు పట్టింది. బోరు నీళ్లు బకెట్లతో తోడి పెడుతున్నాము. వేపకొమ్మలు నరికి వేస్తే తల్లులు ముట్టుకున్నాయి గాని పాలు రాలేదు. నిన్నటికి మందలో నాలుగు పిల్లలు పోయాయి. ఊరి వాళ్లు నన్ను చూసి పిచ్చి ఎత్తిందనుకుంటున్నారు. ఎదురింటి రామచంద్రయ్యకు కూడా అదే అనుమానం ఉన్నట్టున్నది. “ఎవడన్న గీ ఎండల గొర్లను ఇంటికి తెస్తడారా?” అని అడిగాడు. నివాసం చూపించుటకు తెచ్చానంటే ఆయనకు అర్థం కాలేదు.

8. కావున తమరిని కోరుకొనునది ఇంతే. తమరు స్వయముగా గాని, తమరు పంపిన వారు గాని ఎర్రకుంటపల్లి వచ్చి మా ఇల్లు, పక్కన పెట్టిన కంప, ఊరివాళ్ల మాట, మా తల్లి నాటి పాత నివేదిక, నాలుగూ చూడవలెను. చూసినది చూసినట్టు రాసి, 28వ తేదీకి ముందు నివాస పత్రం ఇప్పించవలెను. మేము ఏటా ఊరు విడిచిపోతామని కూడా రాయండి, దాచమని అడగను. దాని పక్కనే, ఏటా తిరిగి వస్తామని రాయండి. ఆ రెండో వాక్యం లేనందుకే మా బిడ్డ తిరిగి రాదని అనుకున్నారు.

ఎండ ముదిరితే మందను ఆపలేను. కాలువ కిందికి తిరిగి పోక తప్పదు. పోతే మూడోసారి గైరుహాజరు అవుతాను. ఈ సంగతి చిత్తగించి, నేను ఊరిలో ఉండగానే దయ చూపవలెనని ప్రార్థన.

తమ విధేయుడు,
ఐలేశం (వేలిముద్ర)

చెప్పగా రాసినది: లింగస్వామి, ఎర్రకుంటపల్లి.

తా.క.: ఇది ఐలేశం తాను చెప్పినట్టే రాయమన్నాడు.

సారూ, గీ అర్జీ మీ చేతికి వచ్చేసరికి మంద మీ ఆఫీసు వెనక పడావు జాగల ఉంటది. గాబరా పడకున్రి. పెద్దులు కావలున్నడు, మీ మొక్కలు ముట్టనియ్యడు. ఊర్లె నీళ్లు అయిపోయినయ్, మీ దగ్గర బోరున్నది. గిర్దావరు సారుకు ఊరి దాక వచ్చే పని గూడ తప్పుతది, కిటికీల నుంచి చూస్తె నేను కనవడుత. మంద ఆపినందుకు రైతుల దగ్గర గింజలు తీసుకుంటం గని, మీ దగ్గర ఏం తీసుకోను. ఆ జాగల రేపు ఏదేసిన పండుతది.

నిన్న బిడ్డ ఫోన్ చేసింది. ఎనక గొర్ల సప్పుడు ఇన్నది. “నాయినా, ఏడున్నరే?” అన్నది. ఇంటికాడ అన్న. “గిప్పుడా? గీ ఎండలనా? ఏం మేస్తున్నయ్?” అన్నది. యాపకొమ్మలు అని చెప్పిన. జర సేపు ఏడ్చింది. “నా కోసం పిల్లలను సంపకే నాయినా. నాకు సదువద్దు, ఏమద్దు. రేపే వస్త” అన్నది.

సారూ, అది ఎన్నడూ తిరిగి రాదని రాసిన్రు. అది రేపే వస్తనంటాంది. జర మీరు సంతకం పెట్టున్రి, దాన్ని ఆపుత.

తీసిన కంప అట్లనే గోడకు పెట్టి ఉంచిన. మొదటి బువ్వకు ఇంక కాలవెట్టలె.