ఆ నీలిరంగు ఎక్కడిది?

ఔలు, ఫిన్లాండ్
ఆగస్టు 19

గౌరవనీయులైన ఐలి కెంప్పైనెన్ గారికి,

పేపర్లో మా ప్రకటన చూసి మీరు బస్సులో పంపిన మస్టిక్కా నీలిపండ్ల డబ్బా భద్రంగా అందింది. మొత్తం నలభై మూడు ఊళ్ల పండ్లొచ్చాయి. మీ పండ్లలో ఉన్నంత నీలిరంగు ఇంకెవరి పండ్లలోనూ లేదు. యంత్రం చెడిందేమోనని మూడుసార్లు కొలిచాను. మీ రుణం తీర్చుకోలేను.

డబ్బాతో వచ్చిన కాగితంలో ఒక్క గడి ఖాళీగా ఉంది: ఎక్కడ కోశారు? దయచేసి తెలపగలరు.

కృతజ్ఞతలతో,
సానా లిండ్రూస్, పరిశోధక విద్యార్థిని

తా.క. మిగిలిన పండ్లు పాలల్లో వేసుకుని తిన్నాను. ప్రొఫెసరు గారి ముందు నోరు తెరిచాక గానీ నా నాలుక సంగతి గుర్తు రాలేదు.

కైనూ
ఆగస్టు 24

అమ్మాయీ సానా,

ఐలి దీవించి రాసేది. నా పండ్లు మెచ్చుకున్నావు, సంతోషం. ఎక్కడ కోశానంటావా, అడవిలో.

ఆ గడి మరిచిపోయి వదల్లేదు. మీ పట్నంలో ఎలాగో గానీ, ఇక్కడ మనిషిని వయసెంతని అడగొచ్చు, ఎవరికి ఓటేశావని కూడా అడగొచ్చు, పండ్ల చోటు మాత్రం అడగరు. మా ఆయన ఒక్కసారీ అడగలేదు. అందుకే కాపురం నలభై ఏళ్లు సాగింది.

నీ మేలు కోరే
ఐలి

తా.క. ఇంకా వివరంగా కావాలంటే, చెట్ల కింద.

ఔలు
ఆగస్టు 29

ఐలి గారికి నమస్కారాలు.

మీ వివరం చూపిస్తే ప్రొఫెసరు గారు "దేశంలో మూడొంతులు చెట్ల కిందే కదమ్మా" అన్నారు. సెప్టెంబరు ముప్పై లోపు ఆ గడి నిండకపోతే మీ డబ్బాని లెక్కలోంచి తీసేస్తారు. ఉత్తరాన రాత్రీ ఆరని ఎండాకాలపు వెలుగు పండ్ల రంగును పెంచుతుందా అన్నది నా ప్రశ్న. నాలుగేళ్ల నా చదువు ఇప్పుడు మీ డబ్బా మీదే నిలబడి ఉంది.

ఈ రంగు చేసే పని చెబుతాను. ఎలక్ట్రాన్ ఒకటి తక్కువైన అణువు ఊరుకోదు, పక్కదాని సొమ్ము లాక్కుంటుంది. పోగొట్టుకున్నది ఇంకోదాని మీద పడుతుంది. అలా దొంగలు పెరుగుతారు. పండులోని రంగు తన ఎలక్ట్రాన్ తానే ఇచ్చేసి గొడవ ఆపుతుంది, తాను మాత్రం దొంగగా మారదు. మా యంత్రం ముందు ఏ దొంగా దాగలేదు. మీ పండ్లు పెట్టగానే అంతా బయటపడింది.

విధేయురాలు
సానా

తా.క. మీరే ఆలోచించుకుని నిజం రాస్తారని నా నమ్మకం.

కైనూ
సెప్టెంబరు 4

అమ్మాయీ,

నీ ఉత్తరం చదివాక నాకు కాఫీ దిగలేదు. సైన్సు ఇంత దూరం వచ్చిందని తెలియక డబ్బా పంపాను. పక్కవాళ్ల సొమ్మని మీ యంత్రం కనిపెట్టేశాక ఇంక దాచేదేముంది.

ఆ చోటు నాది కాదు. పక్కింటి హిల్యాది. పదకొండేళ్లుగా ఆమె బుట్ట పట్టుకుని బయల్దేరగానే చెట్ల చాటున వెనకే వెళ్తున్నాను. ఆమె ఇంటికొచ్చాక నేను కోసుకుంటాను. ఎవరి అడవిలోనైనా ఎవరైనా కోసుకోవచ్చని చట్టముంది. కానీ ఒకరు కనిపెట్టుకున్న చోటికి ఇంకొకరు పోతే మా ఊళ్లో క్షమాపణ లేదు. సాయంత్రం గేటు దగ్గర ఇద్దరం "ఈ ఏడు పండ్లేం లేవు" అని ఒకరికొకరం చెప్పుకుంటాం. నాకు సిగ్గుగా ఉంది.

తప్పు ఒప్పుకున్న
ఐలి

తా.క. ఊలు మేజోళ్లు పంపుతున్నాను. ఇది లంచం కాదు. చాలకపోతే ఇంకో జత అల్లుతాను.

ఔలు
సెప్టెంబరు 9

ఐలి అవ్వా,

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది. నేను రాసింది అణువుల దొంగతనం గురించి. ఎవరు కోశారో ఏ యంత్రమూ చెప్పలేదు. భయపెట్టినందుకు మన్నించండి.

కానీ ఇప్పుడు నాకూ ఆ చోటు అడగాలంటే మొహం చెల్లడం లేదు. అది హిల్యా గారిది. ఆవిడ సరేనంటేనే రాయండి. లేదంటే మీ డబ్బా వదిలేసుకుంటాను. మీ మీద కోపమేమీ ఉండదు.

మీ
సానా

తా.క. మేజోళ్లు సరిగ్గా సరిపోయాయి. తిరిగి పంపను.

కైనూ
సెప్టెంబరు 21

బంగారు తల్లీ సానా,

పది రోజులు గుండె దిటవు చేసుకుని, నిన్న యాలకుల రొట్టె పట్టుకుని హిల్యా ఇంటికి వెళ్లాను. అంతా చెప్పేశాను. ఆమె రొట్టె కోసి, కాఫీ పోసి, తాపీగా అంది:

"నాకు మొదటి ఏడే తెలుసే. ఎండుకొమ్మల మీద ఎలుగుబంటిలా నడుస్తావు, తెలీదూ? నీ మోకాలు ఆపరేషనయ్యాక నేను మెల్లగా నడిచాను. దారిలో పడ్డ కొమ్మలు ఎవరు తీశారనుకున్నావు? ఒక ఏడు నువ్వు రాకపోతే గంటసేపు రాయి మీద కూర్చున్నాను. తర్వాత తెలిసింది నీకు జ్వరమని."

"మరి ఒక్కమాటైనా అనలేదేమే?" అన్నాను.

"అంటే నువ్వు రావడం మానేస్తావుగా" అంది.

రెండో కప్పు కాఫీ నేనే పోశాను. నువ్వడక్కపోతే నేను ఆ గడప తొక్కేదాన్ని కాదు. ఈ మేలు మరిచిపోలేనమ్మా. దీంతో ఉన్న పటం హిల్యా తన చేత్తో గీసింది. గడి నింపుకో.

నీ అవ్వ
ఐలి

తా.క. నీ పుస్తకంలో కృతజ్ఞతలు రాసేచోట హిల్యా పేరు ముందు వెయ్యి. నా పేరు ఆమె వెనక వెయ్యి. నాకు అలవాటే.