అండాలు నాటిన కనకాంబరం

జూలై 9, 2023

జామచెట్టు కింద ఏదీ బతకదు. గులాబీ చచ్చింది, చామంతి చచ్చింది. పొద్దున కాసేపు ఎండ, ఆ తర్వాత అంతా నీడ. వెనకింటి అండాలు కనకాంబరం మొక్కలు తెచ్చి తన చేత్తోనే నాటింది. నీడకు తట్టుకుంటదట, ఏళ్లకేళ్లు ఉంటదట, తనలాగే మొండిదట. గేటు దగ్గర ఆమె భర్త జంగయ్య స్కూటర్ హారన్ కొడుతూనే ఉన్నాడు. వినిపించుకోలేదు.

సెప్టెంబర్ 22

పూసింది. మొదటి దండ అండాలుకే ఇచ్చాను. వాసన లేని పువ్వుకు ఇంత సంబరమేమిటే అన్నాను. వాసనైతే పక్కింటోళ్లకు కూడా పోతది, రంగైతే నా ఒక్కదాని తలమీదే ఉంటదన్నది.

డిసెంబర్ 4

జంగయ్య పోయాడు. గుండెపోటు.

ఫిబ్రవరి 16, 2024

ఎండిన కంకులు కత్తిరించి, పశువుల ఎరువు వేశాను. నీళ్లు పడగానే కాయలు చిటపటమని పేలి గింజలు నా మొహాన కొట్టాయి.

శుక్రవారం కదా, దండలు కట్టి వీధిలో ముత్తైదువలందరికీ ఇచ్చాను. నేనూ పెట్టుకున్నాను. మా ఆయన పేపర్లోంచి తల ఎత్తలేదు. అండాలు తన గేటు దగ్గర నిలబడి ఉంది. బుట్ట మీద కొంగు కప్పి గబగబా దాటేశాను. పువ్వు చూపించి బాధ పెట్టడమెందుకు?

అండాలు అమ్మమ్మకు ఎందుకియ్యలేదవ్వా అని మనవరాలు పూజ అడిగింది. నోరు మూసుకొమ్మన్నాను. హెడ్‌మిస్ట్రెస్‌గా ప్రతి మహిళా దినోత్సవానికీ ఈ ఆచారాలను ఉతికి ఆరేసినదాన్ని. మైకు ముందు ధైర్యం సులువు.

ఏప్రిల్ 5

విరగబూస్తోంది. అండాలు ఇటు రావడం మానేసింది. దుఃఖం కదా, కదిలించకూడదు.

జూన్ 11

అండాలు ఇల్లు కిరాయికిచ్చి కొత్తకోటలో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. చెప్పి పోవడానికి వచ్చింది, కూర్చోలేదు. ముదురు కొమ్మలు కొయ్యక్కా, లేకుంటే పూత తగ్గుతదన్నది. ఒక మూర పూలు ఇవ్వాలని నాకు తోచింది. ఆటో మలుపు తిరిగాక తోచింది.

జూలై 21

ఉండలేక కొత్తకోట వెళ్లాను. దండ తడిగుడ్డలో చుట్టి టిఫిన్ డబ్బాలో పెట్టుకున్నాను. బస్సులు మారుతూ, ఏం మాట్లాడాలో దారంతా ప్రిపేర్ అయ్యాను.

తలుపు తీసింది. గుండు.

యాదగిరిగుట్టకు పోయి తలనీలాలిచ్చి వచ్చిందట. తెరిచిన డబ్బా మళ్లీ మూయబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"చెట్టు నా చేతిది గదక్కా. శుక్రవారం శుక్రవారం గేటు కాడ నిలబడ్డ. నువ్వు కొంగు కప్పుకొని పోయినవ్. ఊరోళ్లు గట్ల చేస్తే ఫికర్ లేకుండె. నువ్వు సదువుకున్నదానివి, నువ్వన్న ఇస్తవనుకున్న. ఇగ పువ్వు పెట్టుకునేదే లేనప్పుడు ఎంట్రుకలెందుకని గుట్టకిచ్చిన."

నిన్ను బాధ పెట్టొద్దనే ఇవ్వలేదన్నాను.

"నన్ను జర అడిగితే అయిపోతుండె."

నా మొహం చూసి ఆమెకే నవ్వొచ్చింది. గుండు నాకైతే నీ మొహం గట్లయిందేంది అన్నది. చాయ్ పెట్టింది. జంగయ్య ఫోటోకు వెయ్యవే అన్నాను. వెయ్యలేదు. ఆయన పువ్వులు అడగలేదన్నది. నేను బస్సుకు లేచేదాకా దండను ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది.

నవంబర్ 17

నిండా పూసింది. దండ తేనా అని అండాలుకు ఫోన్ చేశాను. జుట్టు ఇంకా చెవుల దాకా రాలేదట. పిన్ను నిలవదట.