సబ్రీన్ మూడు సూదులకు సంబంధించిన వీలునామా

అల్ ఘర్రాఫా, ఖతార్. 2022 మే 14.

జగిత్యాలలో ముప్పై ఒక్క ఏళ్లు జీవశాస్త్రం చెప్పి రిటైరై, ఇప్పుడు ఇక్కడ కొడుకు ఇంట్లో ఉంటున్న తహెరున్నీసా అను నేను, వయసు డెబ్బై రెండు, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్నాను. గురువారం నా గుండెకు స్టెంట్ వేస్తారు. చిన్న పనే అన్నాడు డాక్టరు. చిన్న పనులకే నేను ముందుగా రాసిపెట్టుకుంటాను.

1. కొడుకు ముఖీత్ వాటా షరియత్ ప్రకారం వస్తుంది. నేను చేర్చేదేమీ లేదు. ఇక్కడ జరగబోయే ఫుట్‌బాల్ ప్రపంచ కప్ టికెట్ కోసం ఫోన్ ముందు ఏడు గంటలు కూర్చున్నవాడు, కూతుర్ని క్లినిక్‌కు తీసుకెళ్లడానికి టైమ్ లేదన్న సంగతి మాత్రం రికార్డు చేస్తున్నాను.

2. తండ్రి ఉండగా మనవరాలికి వాటా రాదు. కనుక ఆస్తిలో షరియత్ నా ఇష్టానికి వదిలిన మూడో వంతులోంచి, పందొమ్మిదేళ్ల సబ్రీన్‌కు నా నాలుగు బంగారు గాజులు. షరతులు లేవు. పెళ్లిదాకా దాచవద్దు.

3. కోడలు వహీదాకు నా పదో తరగతి జీవశాస్త్రం పుస్తకం. ఈమె నా విద్యార్థిని. పెళ్లై ఇరవై ఏళ్లయినా నన్ను టీచర్ అనే పిలుస్తుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకాకు సబ్రీన్ తానే అపాయింట్‌మెంట్ తీసుకుంటే, ఈమె రద్దు చేయించింది. "పెండ్లిగాని పిల్లకు గా సూది ఎందుకు టీచర్? సంబంధపోళ్లు ఏమనుకుంటరు?" అంది. పోలియో చుక్కలు వేయించినప్పుడు ఏమనుకున్నారో అదే అనుకుంటారు.

తప్పు వహీదాది కాదు. పునరుత్పత్తి పాఠం వచ్చిన ప్రతి ఏడూ "ఇంటి దగ్గర చదువుకోండి" అని పేజీలు తిప్పేశాను. ఆ క్యాన్సర్ తెచ్చే వైరస్ కలయిక ద్వారా సోకుతుంది, భర్త నుంచి కూడా; సోకకముందు వేస్తేనే టీకా బాగా పనిచేస్తుంది. అందుకే పెళ్లికి ముందు. నా చెల్లెలు షమ్సున్నీసా భర్తను తప్ప ఎవరినీ ఎరగదు. నలభై నాలుగేళ్లకు ఆ క్యాన్సర్‌తోనే పోయింది. రక్తస్రావం సంగతి సిగ్గుపడి నాకూ చెప్పలేదు. నేను సైన్సు టీచరును.

సబ్రీన్ నాతో అన్నది: "దాదీ, నాకు సూదంటే భయం లేదు. అమ్మీ మొహం చూస్తేనే భయం."

ఇక జరగవలసినవి. నేను బతికొచ్చినా ఇవే:

1. రేపు సాయంత్రం అస్ర్ నమాజు తర్వాత తల్లీకూతుళ్లిద్దరికీ ఆ పాఠం చెబుతాను. ముఖీత్ కూడా కూర్చోవచ్చు, నోరు మూసుకుని.
2. మే 22న మొదటి సూది, జూలై 24న రెండోది.
3. నవంబరు 22న మూడోది. అప్పటికి కప్ నడుస్తుంటుంది. కారు ముఖీతే నడపాలి. స్కోరు నర్సును అడగవచ్చు.
4. వహీదా ఆ క్యాన్సర్ స్క్రీనింగ్ పరీక్ష చేయించుకోవాలి. సమయం వచ్చాక సబ్రీన్ కూడా. టీకా వేసుకున్నా పరీక్ష తప్పదు.
5. సూదులన్నిటికీ ముందు, రద్దయిన అపాయింట్‌మెంట్ కోసం క్లినిక్‌కు వహీదాయే ఫోన్ చేయాలి. నేను చేయగలను. కానీ ఆ పిల్లకు కావలసింది అమ్మీ చేసే ఫోన్.

(సంతకం) తహెరున్నీసా
సాక్షులు: గౌస్ మొహియుద్దీన్, పక్కింటివారు, విజయరాణి, నర్సు